ఆదివారం ఎవరిది?

తెలుగులో 'సెలవు' అన్న మాటకు పాత అర్థం అనుమతి. రాజు సెలవిస్తే మంత్రి నోరు విప్పుతాడు. ఆసామి సెలవిస్తే జీతగాడు ఇంటి ముఖం పడతాడు. ఒకరు ఇవ్వగా మరొకరు పుచ్చుకునేది సెలవు. ఇచ్చేవాడి మనసు మారితే అది చెల్లదు. బైబిలు చెప్పే విశ్రాంతి దినాన్ని మనం చాలాకాలంగా సెలవు దినంగానే చదువుకుంటున్నాం. కానీ అది పది ఆజ్ఞల్లో ఒకటి. హత్య చేయవద్దు, దొంగిలవద్దు అన్న మాటల సరసన కూర్చున్న మాట. యజమాని దయతో ఇచ్చేది కాదు, కోపంతో ఆపగలిగేదీ కాదు. ఈ తేడాను పట్టించుకుంటే మన ఆదివారాలు ఇప్పుడున్నట్టు ఉండవన్నది నా అభిప్రాయం. క్రైస్తవేతరులైన మిత్రులు కూడా ఓపికగా చదవగలరు. విషయం ఒక మతానికి సంబంధించినట్టు కనిపించినా, మూలంలో ఉన్నది కూలి, అలసట, ఇంటి పొయ్యి.

మా రుద్రవరం నల్లమల పాదాన ఉంది. ఆళ్ళగడ్డకు దగ్గర, అహోబిలానికి దగ్గర. పాత కర్నూలు జిల్లాలో ఉండేది, 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లా. ఈ సీమలో ఆదివారం తెల్లవారుజామున రెండు రకాల ధ్వనులు వినిపిస్తాయి. ఒకటి, ప్రార్థనామందిరం మైకులోంచి వచ్చే పాట. రెండవది, కూలీలను ఎక్కించుకుని పొలాలకు బయలుదేరే ఆటోల చప్పుడు. పత్తి తీతకు కిలోకింత అని లెక్క. నాట్లకు ఎకరాకింత అని గుత్త. ఈ లెక్కలకు వారం లేదు, వర్జ్యం లేదు. మైకులోని పాట పాడవలసిన వారిలో కొందరు ఆ ఆటోలోనే ఉంటారు. ఆ ఆటోను పిలిపించిన రైతు కొన్నిసార్లు మందిరంలో ముందు వరుసలోనే ఉంటాడు. ఈ రెండవ మాటే నన్ను బాధించేది.

ఇక ఇంట్లో సంగతి. మా వైపు ఆదివారమంటే ఇల్లాలికి వారంలోకెల్లా బరువైన రోజు. పిల్లల తలంట్లు, తెల్లబట్టల ఇస్త్రీ, మసాలా నూరడం, మందిరానికి వెళ్ళేలోగా కోడికూర దించడం, తిరిగి వచ్చాక వచ్చిన వాళ్ళకు వడ్డించడం. ఆపైన అంట్లు. "ఆదివారమొస్తే సోమవారం ఎప్పుడొస్తుందా అనిపిస్తాది నాయనా" అని ఒక పెద్దమ్మ నాతో నవ్వుతూ అన్నది. ఆమె నవ్వింది గాని, నాకు నవ్వు రాలేదు. మగవాళ్ళం మధ్యాహ్నం కునుకు తీసి దాన్ని విశ్రాంతి దినాచరణ అనుకుంటున్నాం.

ఆజ్ఞను మరొకసారి జాగ్రత్తగా చూద్దాం. ఇది బైబిలులో రెండు చోట్ల ఉంది, రెండు చోట్లా కారణం వేరు. నిర్గమకాండం 20వ అధ్యాయంలో కారణం సృష్టి: దేవుడు ఆరు దినాలు పనిచేసి ఏడవ దినాన విశ్రమించాడు గనుక. ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయంలో కారణం బానిసత్వం: మీరు ఐగుప్తులో దాసులై ఉన్నారు గనుక, మీ దాసుడూ దాసీ మీలాగే విశ్రమించాలి. మొదటి కారణం మన ప్రసంగాల్లో తరచుగా వినిపిస్తుంది. రెండవది అరుదు. మొదటిది చదివితే ఎవరికి వారు కళ్ళు మూసుకుని ధ్యానించవచ్చు. రెండవది చదివినవాడు కళ్ళు తెరిచి తన దగ్గర పనిచేసేవాడి వైపు చూడక తప్పదు. నీవు ఒకప్పుడు ఇటుకల లెక్క అప్పజెప్పిన వాడివి, ఇప్పుడు ఇంకొకరి చేత లెక్క అప్పజెప్పించుకోవద్దన్నది దాని సారం.

ఆ ఆజ్ఞలో ఒక జాబితా ఉంది. నీవు, నీ కొడుకు, నీ కూతురు, నీ దాసుడు, నీ దాసి, ఎద్దు, గాడిద, నీ ఇంట నున్న పరదేశి. ఇందులో భార్య పేరు లేదు. 'నీవు' అన్న సంబోధనలోనే ఆమె కూడా ఉందని వ్యాఖ్యాతలు చెబుతారు, అది సమంజసంగానే తోస్తుంది. ఎద్దును తలచుకున్నవాడు ఇల్లాలిని మరిచాడనుకోలేం కదా! మన ఇళ్ళలో మాత్రం ఆ జాబితాను అక్షరాలా పాటిస్తున్నట్టున్నాం. పేరు లేదు గనుక ఆమెకు విశ్రాంతి లేదు.

విశ్రాంతి చరిత్రలో పొలం ఎప్పుడూ మినహాయింపే. క్రీ.శ. 321లో రోమను చక్రవర్తి కాన్‌స్టంటైన్ ఆదివారం నాడు న్యాయస్థానాలూ పట్టణాల్లోని వృత్తి పనులూ ఆపాలని శాసనం చేశాడు. అందులోనే, సేద్యగాళ్ళు మాత్రం పని చేసుకోవచ్చునన్నాడు. అదను తప్పితే పంట పోతుందన్నది కారణం. మన దేశంలో బొంబాయి మిల్లు కార్మికుల కోసం నారాయణ మేఘాజీ లోఖండే పోరాడిన తరువాత 1890లో వారికి ఆదివారం దక్కింది. 1891 ఫ్యాక్టరీల చట్టం వారానికొక సెలవును చట్టంలోకి తెచ్చింది. 1948 ఫ్యాక్టరీల చట్టం 52వ సెక్షను దాన్ని స్థిరపరచింది. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగిన ఆ చట్టాలు చేనుగట్టు దాకా రాలేదు. పదిహేడు వందల ఏళ్ళుగా వ్యవసాయ కూలీకి చెబుతూ వచ్చిన మాట ఒకటే, అదను.

అయితే ఈ మినహాయింపును ఒప్పుకోని వాళ్ళు మన తెలుగు నేలమీదే, మా నల్లమలకు ఆవలి వైపునే ఉన్నారు. గుండ్లకమ్మ మా కొండల్లో పుట్టి తూర్పుకు పారే నది. ఆ నది పారే ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866 నుంచి పనిచేశాడు. మొదట అతని దగ్గరకు వచ్చిన వారిలో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ కులస్థుడు ముఖ్యుడు. ఆ తొలి సంఘాలలో చేరినవారికి మూడు నియమాలుండేవని క్లౌ తరువాత రాసుకున్నాడు. ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు.

ఈ మూడింటినీ మనం మతాచారాలుగా చదివి ఊరుకుంటాం. వాటిలో మొదటిది ఏం చేసిందో ఆలోచించండి. ఊరి వెట్టికి కట్టుబడిన మనిషి, తన పగలూ రాత్రీ ఊరి పెద్దలవేనని పుట్టినప్పటినుంచీ విన్న మనిషి, ఏడు రోజుల్లో ఒక రోజు నాది కాదు, నీదీ కాదు, దేవుడిది అన్నాడు. పనికి రానన్నవాడిని, డప్పు కొట్టనన్నవాడిని ఊరు ఊరికే వదలలేదు. బావుల దగ్గరా బాటల దగ్గరా అడ్డగింపులు, కొట్టడాలు, పని ఇవ్వకపోవడం జరిగాయి. అయినా నియమం నిలిచింది. 1876-78 కరువు తరువాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్య అందరికీ గుర్తుంది. ఆ జనం తలకెత్తుకున్న ఆదివారపు నియమం వెనుక ఎన్ని పూటల పస్తులున్నాయో ఎవరూ లెక్కపెట్టలేదు.

"కడుపు నిండినవాడికి విశ్రాంతి గాని, లేనివాడికెక్కడిది?" అని అడిగే మిత్రులకు నా జవాబు ఇదే. ఈ నియమాన్ని మన దగ్గర మొదట కడుపు మాడ్చుకుని నిలబెట్టినవాళ్ళు లేనివాళ్ళే. తిండి లేనివాడికి విశ్రాంతి అక్కరలేదని తీర్మానించేది ఎప్పుడూ తిండి ఉన్నవాడే. అరణ్యంలో మన్నా ఏరుకున్న జనం కూడా ఏ పూటకాపూట బతికినవాళ్ళే గదా. ఆరవ నాడు రెండు రోజుల గ్రాసం దొరికిందని నిర్గమకాండం 16వ అధ్యాయం చెబుతుంది. విశ్రాంతికి ముందు తిండి ఏర్పాటు జరిగింది. ఈ కాలంలో ఆ ఏర్పాటు చేయవలసిన బాధ్యత పని చేయించుకునేవాడిది. ఆరు రోజుల కూలి ఏడు రోజుల తిండికి చాలనప్పుడు, ఆదివారం మందిరానికి రాలేదని కూలివాడిని మందలించడం అన్యాయం. ఆ ప్రసంగం వినవలసినవాడు కూలి నిర్ణయించినవాడు. ఆమోసు ప్రవక్త గద్దించినది కూడా విశ్రాంతి దినం ఎప్పుడు పోతుందా, ధాన్యం ఎప్పుడు అమ్ముకుందామా అని చూసిన వర్తకులనే.

ఇంతవరకూ విశ్రాంతి గురించి. ఇక ఆరాధన. మా ప్రాంతపు క్రైస్తవానికి మూలాలు ఎక్కువగా ఆంగ్లికన్ శాఖవి. ముత్యాలపాడు, నంద్యాల, కలసపాడు కేంద్రాలుగా 19వ శతాబ్దంలో ఎస్.పి.జి. మిషనరీలు పనిచేశారు. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు. తరువాతి కాలంలో మా నంద్యాల ప్రాంతపు సంఘాలు కూడా ఆయన పాలనలోకి వచ్చాయి. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు నంద్యాల ప్రాంతంలో చాలామంది అందులో చేరక, పాత ఆంగ్లికన్ వ్యవస్థలోనే ఉండిపోయారు. కొన్ని దశాబ్దాల తరువాత గాని కలవలేదు. పాత క్రమం మీద మావాళ్ళకు అంత పట్టుదల.

ఆ పాత క్రమంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది రోజూ జరిగే సాయంకాల ప్రార్థన. ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకం ఉదయం, సాయంత్రం రెండు పూటలా ఆరాధన నిర్దేశిస్తుంది. పొలం పనికి పోయే పల్లెజనానికి ఉదయం కుదరదు. అందుకని దోర్నకల్ పల్లెల్లో పొద్దుగూకాక, జనం పొలాలనుంచి వచ్చి కాళ్ళు కడుక్కున్నాక, ఉపదేశి గంట కొట్టేవాడు. ఒక కీర్తన, ఒక వాక్యభాగం, పరలోక ప్రార్థన. చదువురాని వారు విని విని కంఠస్థం చేశారు. అది జనం అలసటను లెక్కలోకి తీసుకుని, వాళ్ళ రోజుకు తగ్గట్టు కుదిర్చిన ఆరాధన. కూర్చోవడమే అక్కడ మొదటి ప్రార్థన.

ఇప్పటి మన ఆరాధన అలసటను తీర్చేదిగా ఉందా, పెంచేదిగా ఉందా? శుక్రవారం ఉపవాస కూడిక, శనివారం రాత్రి జాగరణ ప్రార్థన, ఆదివారం పది గంటలకు మొదలై ఒంటిగంట దాటే ఆరాధన, సాయంత్రం గృహకూడిక, మధ్యలో స్త్రీల సమాజం, యువజనుల సమావేశం. అన్నీ మంచివే. విడివిడిగా చూస్తే దేన్నీ కాదనలేం. అన్నీ కలిస్తే మాత్రం భక్తి కూడా ఇంకొక కూలిపని అవుతుంది. నాలుగు ఊళ్ళ మందిరాలు చూసుకునే పాస్టరుగారు ఆదివారం రాత్రికి గొంతు పోయి ఇల్లు చేరుతారు. ఆయనకు విశ్రాంతి దినం ఏదని ఏ సంఘపెద్దా అడిగినట్టు నేను వినలేదు. ప్రయాసపడి భారం మోసేవారిని తన దగ్గరకు రమ్మన్న ప్రభువు మాట మన మందిరాల గోడలమీద చాలాచోట్ల రాసి ఉంటుంది. ఆ గోడ కిందే మనం మరికొంత భారం ఎత్తుతున్నాం.

మరో ఆక్షేపణ వేదాంతపరమైనది. "మనం ధర్మశాస్త్రం కింద లేము, కృపలో ఉన్నాం. అన్ని రోజులూ దేవునివే. ఒక రోజును పట్టుకు వేలాడటం దేనికి?" అంటారు. కొలొస్సయులకు రాసిన పత్రికలో పౌలు విశ్రాంతి దినాల విషయంలో ఎవరూ మీకు తీర్పు తీర్చవద్దన్నాడు. నిజమే. ఒకరికొకరం తీర్పు తీర్చుకోవద్దన్నాడు గాని, విశ్రమించవద్దనలేదు. విశ్రాంతి దినం మనుష్యుల కోసం గాని మనుష్యులు దానికోసం కాదని యేసు అన్నమాట మార్కు సువార్తలో ఉంది. మనిషి కోసం ఏర్పడినదాన్ని మనిషికి దక్కకుండా చేసుకోవడం కృప అనిపించుకోదు. ఇక 'అన్ని రోజులూ దేవునివే' అన్న మాట వినసొంపుగానే ఉంటుంది. ఎప్పుడైనా ప్రార్థించవచ్చు అనుకునేవాడికి ఆ 'ఎప్పుడైనా' చాలాసార్లు రాకుండానే పోతుంది. పెరట్లో మొక్కకు ఎప్పుడైనా నీళ్ళు పోయవచ్చు అనుకునేవాడి మొక్క సంగతి మనకు తెలుసు. వేళ పెట్టుకోవడం భక్తికి సంకెల కాదు, పందిరి. తీగ దానిమీదే అల్లుకుంటుంది.

ఎవరి వీలును బట్టి వారు విశ్రమిస్తే సరిపోదా అన్నది ఇంకొక ప్రశ్న. దీనికి చరిత్రలో ఒక ప్రయోగం జరిగింది. 1929లో సోవియట్ ప్రభుత్వం ఆదివారాన్ని తీసివేసి, కార్మికులను అయిదు గుంపులుగా విభజించి, గుంపుకొక రోజు సెలవు ఇచ్చింది. యంత్రాలు ఆగకుండా తిరగాలన్నది లక్ష్యం. భర్తకు ఒకనాడు, భార్యకు ఒకనాడు, స్నేహితుడికి మరొకనాడు సెలవు వచ్చింది. ఎవరింటికి వెళ్ళినా ఎవరూ ఉండరు. జనం సణిగారు. పద్ధతులు మార్చి మార్చి చూసి, చివరకు 1940లో పాత ఏడు రోజుల వారానికే తిరిగి వచ్చారు. పదిమందీ ఒకేసారి ఆగినప్పుడే విశ్రాంతి నిండుతుంది. హెబ్రీయులకు రాసిన పత్రిక కూడా దేవుని విశ్రాంతిలో ప్రవేశించడాన్ని దేవుని ప్రజలందరికీ మిగిలి ఉన్నదిగానే చెబుతుంది.

ఈ మాట మన పల్లెలకు కొత్తది కాదు. 'కనుమనాడు కాకైనా కదలదు' అన్న సామెత పుట్టింది ఇక్కడే. ఆనాడు ఎద్దును కడిగి, కొమ్ములకు రంగు పూసి, మేతవేసి నిలబెడతారు గాని కాడి మోపరు. సీమలో కొన్ని ఊళ్ళలో సోమవారం ఎద్దులకు అరక కట్టేవారు కాదు, బసవన్న రోజని. గాంధీగారు సోమవారం మౌనం పాటించేవారు. సంక్రాంతి తరువాత అహోబిల నారసింహుడు పారువేటకు బయలుదేరి ఈ ప్రాంతపు పల్లెల్లో మకాం చేసినప్పుడు ఆ ఊళ్ళు పని పక్కన పెడతాయి. పక్కింటివారి ఆచారం మనది కాకపోవచ్చు. దానినుంచి నేర్చుకోవడానికి అడ్డేముంది? ఎద్దుకు ఒక రోజు ఇచ్చిన పల్లె, మనిషికి కూడా ఇవ్వగలదు. ట్రాక్టరు వచ్చాక ఎద్దు సోమవారమూ పోయింది. యంత్రానికి ఒళ్ళు నొప్పులుండవు. దాని వేగంతో పోటీపడే మనిషికి ఉంటాయి.

ఏం చేయాలి? పెద్ద పెద్ద ఉద్యమాలు నాకు చేతకావు. నాకు తోచిన నాలుగు మాటలు చెబుతాను.

మొదటిది, విశ్రాంతి దినాన్ని శనివారం సాయంత్రమే మొదలుపెట్టాలి. ఆదికాండంలో అస్తమయం ముందు, ఉదయం తరువాత. యూదులు ఇప్పటికీ రోజును అలాగే లెక్కిస్తారు. నిద్రతో మొదలైన రోజు మన ప్రయత్నం లేకుండానే మొదలవుతుంది. ఇస్త్రీ, సరుకులు, అప్పుల లెక్కలు శనివారం పొద్దుగూకేలోగా ముగించవచ్చు.

రెండవది, ఆదివారం పొయ్యి సంగతి. కోడికూర మానమంటే ఎవరూ వినరు, నేనూ వినను. మగవాళ్ళు వండవచ్చు. పెళ్ళిళ్ళలో వందలమందికి వండేది మగవాళ్ళే గదా, ఇంట్లో నలుగురికి చేతకాదా? లేదా సంఘమంతా మందిరం దగ్గర ఒక్క పొయ్యి మీద వండుకుని కలిసి తినవచ్చు. భక్తసింగుగారి సహవాసాలలో ఆరాధన తరువాత ప్రేమవిందు ఆనవాయితీ. ఇరవై పొయ్యిల చాకిరీ అక్కడ ఒక్క పొయ్యితో సరిపోతుంది.

మూడవది, మన కింద పనిచేసేవారు. పొలం ఉన్న క్రైస్తవుడు ఆదివారం కూలికి పిలవకూడదు. పిలవకపోవడంతో సరిపెట్టకుండా, మిగిలిన ఆరు రోజుల కూలిలో ఆ రోజు తిండి కూడా చూడాలి. పంట తడిసిపోయే ప్రమాదం ఉంటే సరే, గోతిలో పడ్డ గొర్రెను విశ్రాంతి దినాన కూడా పైకి తీయమన్నారు. ప్రతి ఆదివారమూ గొర్రె గోతిలో పడుతోందంటే మాత్రం ఆ గోతిని పూడ్చే ఆలోచన చేయాలి. అంట్లు తోమే మనిషికీ, బడి బస్సు నడిపే మనిషికీ, ఆదివారం పరీక్షలు రాసే ఇంటర్మీడియట్ పిల్లలకూ ఇదే వర్తిస్తుంది.

నాలుగవది, రోజూ సాయంత్రం పది నిమిషాలు. గంట కొట్టే ఉపదేశి ఇప్పుడు చాలా ఊళ్ళలో లేడు. ఇంటి గడియారం ఉంది. టీవీ ఆపి, ఫోను పక్క గదిలో పెట్టి, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలోంచి ఒక పాట పాడి, ఒక భాగం చదివి, రెండు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. అడగవలసిన కోరికల జాబితా ఆ రెండు నిమిషాల్లో వద్దు. మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది. మనసు రేపటి పని మీదికి పరుగెడుతుంది. పరుగెత్తనివ్వండి, అలసి అదే తిరిగి వస్తుంది. వారానికొకనాటి విశ్రాంతికి ఈ రోజువారీ పది నిమిషాలే సాధన. ఆరు రోజులు క్షణం కూర్చోనివాడికి ఏడవనాడు కూర్చోవడం రాదు.

వీటిలో ఏదీ డబ్బుతో పని ఉన్నది కాదు, ఒక్క మూడవది తప్ప. ఆ మూడవది లేకుండా మిగిలిన మూడూ పాటిస్తే మన ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, ఆజ్ఞ మాత్రం సగమే నెరవేరుతుంది. ఆ సగం ఎవరి వీపు మీద ఆగిపోయిందో దేవుడు అడుగుతాడనే నా నమ్మకం.

మిత్రులారా, మీ ఊళ్ళలో అరక కట్టని రోజు ఏదైనా ఉండేదా? ఏ వారం, ఎవరి పేరిట? ఇప్పటికీ పాటిస్తున్నారా, ఎప్పుడు ఆగిపోయింది? తెలిసినవారు రాయగలరు. విశ్రాంతికి మన భాషలో, మన నేలమీద ఎన్ని పేర్లున్నాయో ఒకచోట చేర్చుకుందాం.